పీఎల్‌సీ పాఠం తెగిన తీగ దగ్గర మొదలవ్వాలి

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఈ మధ్య ఒక పీఎల్‌సీ (ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) పరిచయ పాఠం పంపి, "సార్, మొదలుపెట్టడానికి ఇది సరిపోతుందా?" అని అడిగింది. చదివాను. బొమ్మలు బాగున్నాయి, భాష తేలిగ్గా ఉంది. ఇన్‌పుట్ మాడ్యూల్, సీపీయూ, ఔట్‌పుట్ మాడ్యూల్, పవర్ సప్లై అంటూ అన్నీ వరసగా చెప్పుకొచ్చి, చివర్లో అందరూ ఇచ్చే ఉదాహరణే ఇచ్చారు: ఒక స్టార్ట్ బటన్, ఒక స్టాప్ బటన్, ఒక మోటార్. స్టార్ట్ నొక్కితే మోటార్ తిరుగుతుంది, వేలు తీసేసినా తిరుగుతూనే ఉంటుంది, స్టాప్ నొక్కితే ఆగుతుంది. సిమ్యులేటర్‌లో వేసి చూస్తే అచ్చం అలాగే పనిచేస్తుంది కూడా.

ఆ ల్యాడర్‌లో, అంటే నిచ్చెన మెట్లలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో, స్టాప్ బటన్‌ని నార్మల్లీ క్లోజ్‌డ్ (నొక్కనంతసేపూ కలిసే ఉండే) కాంటాక్ట్ గుర్తుతో గీశారు. రిలే (కరెంటుతో కదిలే స్విచ్) సర్క్యూట్లలోనూ స్టాప్‌ని అలాగే గీస్తారు కాబట్టి చూడగానే తప్పు కనిపించదు. కానీ రిలే డ్రాయింగ్‌లో ఆ గుర్తు నిజమైన బటన్‌ది. పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో అదే గుర్తు "ఈ ఇన్‌పుట్ 0గా ఉందా?" అని అడగడం. అది 0గా ఉన్నప్పుడే మోటార్ తిరగాలని ప్రోగ్రామ్ రాశారంటే, బయట ప్యానెల్ మీద బటన్ నార్మల్లీ ఓపెన్ అన్నమాట. నొక్కితేనే 24 వోల్టులు వస్తాయి. ఇప్పుడు ఆ బటన్ నుంచి పీఎల్‌సీకి వచ్చే తీగ దారిలో ఎక్కడో తెగిందనుకోండి. ఇన్‌పుట్ ఎప్పటికీ 0లోనే ఉంటుంది. మోటార్ హాయిగా తిరుగుతూ ఉంటుంది. ఆపరేటర్ స్టాప్ నొక్కుతాడు, మళ్లీ గట్టిగా నొక్కుతాడు, ఏమీ జరగదు. తీగ తెగిన సంగతి, అర్జెంటుగా ఆపాల్సిన అవసరం వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

బటన్ నార్మల్లీ క్లోజ్‌డ్ అయితే కథ వేరు. నొక్కనంతసేపూ ఇన్‌పుట్ 1. బటన్ నొక్కినా, తీగ తెగినా, టెర్మినల్ లూజయినా, 24 వోల్టుల ఫ్యూజు పోయినా 0. అన్నిటికీ మోటార్ ఆగుతుంది. ప్రోగ్రామ్‌లో మాత్రం దాన్ని నార్మల్లీ ఓపెన్ గుర్తుతో గీయాలి. కొత్తవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. ఆ తికమక ఎందుకని కాబోలు, చాలా పాఠాలు బటన్‌నే మార్చేసి గండం గట్టెక్కుతాయి.

"ఈ పాఠంలో స్టాప్ తీగ తెగితే ఏమవుతుంది?" అని ఆ అమ్మాయిని అడిగాను. కాసేపు స్క్రీన్ వంక చూసి, "సిమ్యులేటర్‌లో తీగలుండవు కదా సార్" అంది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎవరూ చెప్పని సంగతి ఆమెకెలా తెలుస్తుంది? నా అభిప్రాయం అప్పటికే ఉన్నదే, ఆ మాటతో గట్టిపడింది: పీఎల్‌సీని పరిచయం చేసేటప్పుడు మోటార్ ఎలా తిరుగుతుందనేది కాదు, ఏదైనా పాడైతే ఆ మోటార్ ఏం చేస్తుందనేది మొదటి రోజే చెప్పాలి. "సేఫ్టీ" అని పేరు పెట్టి చివరి అధ్యాయంలోకి నెట్టేయకూడదు.

రిలేలకు తెలిసిన సంగతి

పీఎల్‌సీ పుట్టుక కథ చాలామందికి తెలిసిందే. 1968లో జనరల్ మోటార్స్‌లోని హైడ్రామాటిక్ విభాగం రిలే ప్యానెళ్లకు బదులుగా ఏదైనా కావాలని అడగడం, బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084ని తయారుచేయడం వగైరా. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ "మోడల్ మారినప్పుడల్లా వైరింగ్ మార్చే బాధ తప్పింది" అన్నదాన్నే ఎత్తి చెబుతారు. అది నిజమే. కానీ అప్పటి కోరికల్లో ఇంకొకటి కూడా ఉంది. ఆ పెట్టె ఫ్యాక్టరీలో దుమ్ముకీ వేడికీ తట్టుకోవాలి, పాడైతే అక్కడి ఎలక్ట్రీషియన్లే బాగుచేసుకోగలగాలి. అంటే పాడవుతుందని ముందే ఒప్పుకుని మొదలుపెట్టిన యంత్రం ఇది. ల్యాడర్ లాజిక్ వచ్చింది కూడా అందుకే. ఎలక్ట్రీషియన్‌కి అప్పటికే చదవడం వచ్చిన బొమ్మ అది.

సాఫ్ట్‌వేర్ నుంచి ఈ రంగానికి వచ్చిన కుర్రాళ్లు ల్యాడర్‌ని చూసి నవ్వుతారు. వాళ్ల నవ్వులో కొంత న్యాయం ఉంది. లెక్కలు, ఎర్రేలు, రెసిపీలు ల్యాడర్‌లో రాయడం నరకం. అలాంటివాటికి మామూలు ప్రోగ్రామింగ్ భాషలా రాసే స్ట్రక్చర్డ్ టెక్స్ట్ ఉంది. 1993లో వచ్చిన ఐఈసీ 61131-3 ప్రమాణం ఈ భాషలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. అయినా ఇంటర్‌లాకుల (షరతు తీరకపోతే యంత్రాన్ని నడవనివ్వని ఏర్పాట్ల) దగ్గర ల్యాడర్‌కి సాటి వచ్చేది నేనింకా చూడలేదు. అర్ధరాత్రి యంత్రం ఆగినప్పుడు ల్యాప్‌టాప్‌ని పీఎల్‌సీకి కలిపి ఆన్‌లైన్‌లోకి వెళ్తే, ఎక్కడిదాకా పచ్చగా వెలుగుతోందో, ఏ కాంటాక్ట్ దగ్గర ఆగిందో కంటికి కనిపిస్తుంది. అది నడుస్తున్న యంత్రం కోసం చేసిన ఏర్పాటు కాదు, ఆగిపోయిన యంత్రం కోసం చేసినది.

రిలేల కాలంలో ఇంకో సంగతి ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే వచ్చేసేది. స్టార్ట్ బటన్‌కి పక్కనే కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు ఇచ్చే పెద్ద రిలే) సొంత కాంటాక్ట్‌ని కలిపి పెట్టే హోల్డింగ్ సర్క్యూట్ ఉంది కదా, కరెంటు పోతే అది విడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు వచ్చి స్టార్ట్ నొక్కేదాకా మోటార్ కదలదు. యంత్రంలో ఇరుక్కున్నదాన్ని చేత్తో తీస్తున్న మనిషికి ఈ చిన్న ఏర్పాటే ప్రాణం కాపాడేది. పీఎల్‌సీలో మామూలు కాయిల్ (ల్యాడర్‌లో ఔట్‌పుట్ గుర్తు) తో రాస్తే ఈ గుణం అలాగే ఉంటుంది. కానీ ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చేసేదాకా బిట్‌ని పట్టి ఉంచే (లాచ్ చేసే) సెట్, రీసెట్ ఇన్‌స్ట్రక్షన్లు కనబడగానే కొత్తవాళ్లకు అవి ముచ్చటగా తోస్తాయి. కొన్ని కంట్రోలర్లలో ఆ లాచ్ చేసిన బిట్ కరెంటు పోయొచ్చినా మారదు. రిటెంటివ్ మెమరీలో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) పెట్టిన బిట్ అయితే ఎక్కడైనా అంతే. అప్పుడు కరెంటు రాగానే మోటార్ దానంతటదే తిరుగుతుంది. రెండు ప్రోగ్రాములూ సిమ్యులేటర్‌లో ఒకేలా పనిచేస్తాయి. ఏ పాఠంలోనైనా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, కరెంటు తీసి, మళ్లీ వేసి చూపిస్తారా అని వెతుకుతుంటాను. అరుదుగా దొరుకుతుంది.

పీఎల్‌సీ చూసేది ప్రపంచాన్ని కాదు

స్కాన్ గురించి ప్రతి పాఠంలోనూ ఉంటుంది. ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రామ్‌ని పైనుంచి కిందికి నడుపుతుంది, ఔట్‌పుట్లు రాస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. గుండ్రంగా బాణాలతో ఒక బొమ్మ. అక్కడితో సరి. దానివల్ల ఏం చెడుతుందో మాత్రం చెప్పరు.

కన్వేయర్ సెకనుకు 2 మీటర్ల వేగంతో నడుస్తోందనుకుందాం. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న వస్తువు సెన్సర్ ముందు ఉండేది 5 మిల్లీసెకన్లే. స్కాన్ 8 మిల్లీసెకన్లయితే, రెండు స్కాన్ల మధ్యలో ఆ వస్తువు వచ్చి వెళ్లిపోవచ్చు. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడు. లెక్క తప్పుతుంది, కానీ ఎప్పుడు తప్పుతుందో ఎవరికీ తెలియదు. సెన్సర్ మార్చి చూస్తారు, కేబుల్ మార్చి చూస్తారు, ఆఖరికి కార్డూ మారుస్తారు. ఏదీ పాడవలేదు. హై స్పీడ్ కౌంటర్ ఇన్‌పుట్‌కి ఇవ్వాల్సిన సిగ్నల్‌ని మామూలు ఇన్‌పుట్‌కి ఇచ్చారు, అంతే. పైగా మామూలు ఇన్‌పుట్లలో నాయిస్ రాకుండా ఫిల్టర్ ఉంటుంది, అది ఇంకొన్ని మిల్లీసెకన్లు తినేస్తుంది.

ఒకే ఔట్‌పుట్‌ని రెండు చోట్ల రాస్తే కిందిదే చెల్లుతుందన్న సంగతీ స్కాన్‌లోంచి వచ్చేదే. పై లైను పచ్చగా వెలుగుతుంటుంది, ఔట్‌పుట్ మాత్రం రాదు. ఈ వింత ఒక్కసారి చూసినవాళ్లు స్కాన్‌ని జన్మలో మర్చిపోరు. బాణాల బొమ్మ చూసినవాళ్లు పరీక్ష రాసి మర్చిపోతారు.

అనలాగ్ సిగ్నళ్ల దగ్గర ఈ వాదన నాకు ఇంకా బలంగా అనిపిస్తుంది. కొలతను కరెంటుగా మార్చి పంపే ట్రాన్స్‌మిటర్ల సిగ్నల్ 4–20 మిల్లీఆంప్స్ అని అందరూ బట్టీ పడతారు. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలవుతుందని అడిగితే, ట్రాన్స్‌మిటర్ పనిచేయడానికి కొంత కరెంటు కావాలి కాబట్టి అంటారు. అదీ ఒక కారణమే. కానీ పీఎల్‌సీ వైపు నుంచి చూస్తే అసలు లాభం వేరు. ట్యాంకు ఖాళీ అయితే 4, నిండితే 20, తీగ తెగితే 0. ఖాళీ ట్యాంకుకీ తెగిన తీగకీ తేడా తెలుస్తుంది. నామూర్ అనే పరిశ్రమల సంఘం వాళ్ల ఎన్‌ఈ 43 సిఫార్సు దీన్ని ఇంకా స్పష్టం చేసింది: 3.6 మిల్లీఆంప్స్, అంతకన్నా తక్కువ ఉన్నా, 21, అంతకన్నా ఎక్కువ ఉన్నా అది కొలత కాదు, లోపం.

నేను చూసిన ఒక ప్లాంటులో ట్యాంకు లెవెల్ స్కేలింగ్ రాసినవాళ్లు, స్క్రీన్ మీద మైనస్ అంకెలు కనిపిస్తే బాగుండదని సున్నా కన్నా తక్కువొచ్చిన దేన్నైనా సున్నాగా మార్చేశారు. చక్కటి, శుభ్రమైన ప్రోగ్రామ్. ఒకరోజు కేబుల్ ఎక్కడో నలిగి తెగింది. స్క్రీన్ మీద లెవెల్ సున్నా. ట్యాంకు ఖాళీగా ఉందనుకుని పీఎల్‌సీ పంపు ఆన్ చేసింది. ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పారుతుంటే అటుగా వెళ్తున్న ఆపరేటర్ చూసి చేత్తో ఆపాడు. నీళ్లు కాబట్టి సరిపోయింది. లోపాన్ని చెప్పడానికే ఉన్న ఆ 4 మిల్లీఆంప్స్‌ని అందం కోసం చెరిపేశారు. చెరిపేసినాయన తెలివితక్కువవాడేమీ కాదు. ఆ ఖాళీ జాగా దేనికో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇన్‌పుట్ చెప్పిందల్లా నిజమని నమ్మడం ఎంత దూరం పోతుందో 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ చూపించింది. ఇరాన్‌లోని నతాంజ్‌లో సెంట్రిఫ్యూజుల వేగాన్ని పాడుచేస్తూ, అంతా మామూలుగా ఉన్నప్పుడు రికార్డు చేసిన రీడింగులనే ఆపరేటర్లకు చూపించింది. అది కావాలని చేసిన దాడి, తెగిన తీగతో దాన్ని కలిపేయడం లేదు. కానీ "ఈ అంకె అబద్ధమైతే?" అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే, ఆ ప్రశ్న వేసుకునే అలవాటు చిన్న లోపాల దగ్గరే మొదలవ్వాలి.

ఔట్‌పుట్ వెలిగితే మోటార్ తిరిగినట్టేనా?

ఔట్‌పుట్ కార్డు మీద ఎల్‌ఈడీ వెలిగితే పీఎల్‌సీ ఆజ్ఞ ఇచ్చిందని అర్థం. మోటార్ తిరుగుతోందని కాదు. మధ్యలో ఇంటర్‌పోజింగ్ రిలే, కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, కేబుల్, ఆఖరున మోటార్. వీటిలో ఏది మొరాయించినా ప్రోగ్రామ్ మాత్రం తన లెక్కలో మోటార్ తిరుగుతోందనే అనుకుంటుంది. కాంటాక్టర్‌తో పాటే కదిలే ఆగ్జిలరీ కాంటాక్ట్ ఒకటి ఇన్‌పుట్‌గా తెచ్చుకుని, ఆజ్ఞ ఇచ్చిన రెండు సెకన్లలోపు అది రాకపోతే అలారం ఇవ్వడం చాలా చిన్న పని. తిరగేసి చూడటం ఇంకా ముఖ్యం: ఆజ్ఞ తీసేశాక కూడా ఆ కాంటాక్ట్ వదలకపోతే కాంటాక్టర్ అతుక్కుపోయినట్టు. అప్పుడు ఎన్నిసార్లు స్టాప్ నొక్కినా లాభం లేదు.

ట్రాన్సిస్టర్ ఔట్‌పుట్ షార్టయి ఆన్‌లోనే ఉండిపోవచ్చు కూడా. ఎమర్జెన్సీ స్టాప్‌ని మామూలు పీఎల్‌సీ ప్రోగ్రామ్ మీద మాత్రమే వదిలేయకూడదని చెప్పేది అందుకే. అది సేఫ్టీ రిలే ద్వారానో, సేఫ్టీ పీఎల్‌సీ ద్వారానో నేరుగా పవర్‌ని కట్ చేయాలి. సేఫ్టీ పీఎల్‌సీ అంటే పసుపో ఎరుపో రంగు వేసిన ఖరీదైన పీఎల్‌సీ అనుకునేవాళ్లున్నారు. అది తనను తాను అనుమానించే పీఎల్‌సీ. ఒకే లెక్కను రెండు దారుల్లో చేసి పోల్చుకుంటుంది, ఔట్‌పుట్లకు అతి చిన్న టెస్ట్ పల్సులు పంపి అవి నిజంగా ఆగగలవో లేదో చూసుకుంటుంది. ఆ అనుమానంలో పదో వంతైనా మామూలు ప్రోగ్రాముల్లోకి రావాలన్నదే నా గొడవ.

నా వాదనలో బలహీనతలు

ఇదంతా ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్ మిత్రుడితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "నీ లెక్కన ఏ తీగ తెగినా ప్లాంటు ఆగాలి. రోజుకి ఎన్నిసార్లు ఆగాలో చెప్పు" అన్నాడు. ఆయన మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒక గార్డు డోర్ స్విచ్ వణుకుడుకి లూజై షిఫ్టులో పలుమార్లు యంత్రాన్ని ఆపుతుంటే, ఎవరో ప్యానెల్‌లో ఒక చిన్న జంపర్ తీగ పెట్టేశారు. దానికి "తాత్కాలికం" అని కాగితం కూడా అంటించారు. ఆ కాగితం మీద నేను చూసేసరికి అక్షరాలు కనిపించనంత దుమ్ము. అతిగా ట్రిప్ అయ్యే యంత్రాన్ని మనుషులు బైపాస్ చేస్తారు. బైపాస్ చేసిన ఇంటర్‌లాక్ అసలు లేనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే అది ఉందన్న ధీమా మిగిలే ఉంటుంది.

దీనికి ఇంజనీరింగ్‌లో జవాబులున్నాయి. ముఖ్యమైన చోట మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, రెండు ఒప్పుకుంటేనే ట్రిప్ చేయడం లాంటివి. కానీ మూడు పెట్టే స్తోమత అన్ని యంత్రాలకూ ఉండదు. కాబట్టి ఏ లోపానికి ఆగాలి, దేనికి అలారం ఇచ్చి నడవాలి అని కూర్చుని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే అసలు పని. ఒక్కోసారి అనవసరం అనిపించిన ట్రిప్పే ఉపకారం చేస్తుంది. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటు సేఫ్టీ కంట్రోలర్ల మీద ట్రైటన్ అనే మాల్వేర్‌తో దాడి జరిగినప్పుడు, కంట్రోలర్లు తమలో ఏదో తేడా ఉందని గుర్తించి ప్లాంటుని ఆపేశాయి. ఆ ఆగడాన్ని తవ్వితేనే దాడి సంగతి బయటికొచ్చింది.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆపడం ఎప్పుడూ క్షేమం కాదు. ఎలక్ట్రోమాగ్నెట్ క్రేన్‌కి కరెంటు తీసేస్తే ఎత్తిన ఇనుము తలల మీద పడుతుంది. గాలి ఒత్తిడితో కదిలే వాల్వులు తీసుకోండి: ఫర్నేస్‌కి ఇంధనం వాల్వు గాలి పోతే మూసుకోవాలి, దానికే చల్లనీళ్ల వాల్వు గాలి పోతే తెరుచుకోవాలి. ఒకే గాలి పైపు, రెండు వాల్వులు, రెండు వ్యతిరేక జవాబులు. అందుకే "లోపం వస్తే 0, 0 అంటే ఆగు" అని సూత్రంలా నేర్పడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ వ్యాసం మొదట్లో స్టాప్ బటన్ గురించి చెప్పింది స్టాప్ బటన్‌కి మాత్రమే సరిపోతుంది.

మరో అభ్యంతరం ఎక్కువగా టీచర్ల నుంచి వస్తుంది. మొదటి రోజే తెగిన తీగలు, అతుక్కున్న కాంటాక్టర్లు అంటూ మొదలుపెడితే పిల్లలు భయపడి పారిపోతారని. ఒక దీపం వెలగడంలో ఉన్న ఆనందం నాకూ తెలుసు, దాన్ని తీసేయమనడం లేదు. దీపం వెలిగించండి, చప్పట్లు కొట్టించండి. తర్వాత అదే క్లాసులో ఒక తీగ లాగేసి, "ఇప్పుడేమవుతుందో ముందు చెప్పండి, తర్వాత చూద్దాం" అనండి. నా అనుభవంలో పిల్లలు భయపడరు, పందేలు కాస్తారు. కిట్ లేకపోతే సిమ్యులేటర్‌లోనే ఆ ఇన్‌పుట్‌ని 0కి ఫోర్స్ చేసి (బలవంతంగా 0లోనే ఉంచి) బటన్ పనిచేయనట్టు చూపించొచ్చు. దానికి చాలావరకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, చాలావాటిలో ఫోర్స్ చేసే వీలుంటుంది.

ట్రాఫిక్ లైట్ అభ్యాసం

స్టార్ట్-స్టాప్ తర్వాత అన్ని కోర్సుల్లోనూ వచ్చేది ట్రాఫిక్ లైట్. టైమర్లు నేర్చుకోవడానికి చాలా మంచి అభ్యాసం. ఆకుపచ్చ ఇన్ని సెకన్లు, పసుపు ఇన్ని, ఎరుపు ఇన్ని, అవతలి రోడ్డుకి దానికి తగ్గట్టు. టైమర్లు గొలుసులా కలిపితే అయిపోతుంది. మంచి మార్కులొస్తాయి.

నిజమైన సిగ్నల్ పెట్టెలో ఆ టైమింగు భాగం ఎంత ముఖ్యమో, కంట్రోలర్‌కి విడిగా ఉండే కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ అంత ముఖ్యం. అది కంట్రోలర్ ఏం ఆజ్ఞ ఇచ్చిందో చూడదు, దీపాలకు వెళ్లే వోల్టేజిని నేరుగా చూస్తుంది. ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రోడ్లకు ఒకేసారి ఆకుపచ్చ వోల్టేజి కనిపించినా, ఒకవైపు ఏ దీపమూ వెలగకపోయినా, కంట్రోలర్‌ని పక్కకు నెట్టి సిగ్నల్‌ని ఫ్లాషింగ్‌లో పెట్టేస్తుంది. మళ్లీ మామూలుగా నడవాలంటే మనిషి వచ్చి, కారణం చూసి, రీసెట్ చేయాలి.

టైమర్లతో ట్రాఫిక్ లైట్ రాసినవాళ్లకు నేనిప్పుడు ఇచ్చే రెండో భాగం ఇదే. మీ ప్రోగ్రామ్‌ని ముట్టుకోవద్దు. ప్రతి దీపం దగ్గర్నుంచీ ఒక ఫీడ్‌బ్యాక్ ఇన్‌పుట్ వస్తోందనుకోండి. ఆ ఇన్‌పుట్లను మాత్రమే చూసి, ఆజ్ఞలను చూడకుండా, ఎప్పుడు ఫ్లాషింగ్‌లోకి వెళ్లాలో రాయండి. దీపం మారే క్షణంలో కాసేపు ఆరుతున్నదీ వెలుగుతున్నదీ రెండూ కనిపిస్తాయి, దాన్ని లోపం అనుకోకుండా ఎంతసేపు ఆగాలో మీరే తేల్చండి. ఫీడ్‌బ్యాక్ తీగే తెగితే ఏం చేయాలో కూడా రాయండి. ఈ భాగానికి మొదటి భాగం కన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఇద్దరు రాస్తే ఇద్దరి జవాబులూ ఒకేలా ఉండవు. ముఖ్యంగా ఆ ఎంతసేపు ఆగాలన్న దగ్గర ప్రతిసారీ గొడవవుతుంది. ఒకరు అర సెకను అంటారు, ఇంకొకరు అంతసేపా అంటారు.